డబ్బు వద్దన్న పుస్తకం

నేను ఫోన్‌లో వీడియోలు తీసి, పుస్తకాల గురించి మాట్లాడి డబ్బు తీసుకుంటాను. మెయిన్‌ల్యాండ్ వాళ్ళ దగ్గర తీసుకుంటాను, ఇక్కడి ద్వీపం వాళ్ళ దగ్గర తీసుకుంటాను, బాగా తెలిసినవాళ్ళ దగ్గరైతే తప్పకుండా తీసుకుంటాను. ఈ ముక్క వినగానే మొహం చిట్లించేవాళ్ళు ఉన్నారు. "రిటైరైన టీచరమ్మకి ఇదేం కక్కుర్తి? చదివిన దాని గురించి నాలుగు మాటలు చెప్పడానికి కూడా పైసలా?" అని మా తెలుగువాళ్ళ గ్రూపులో ఒక కాంట్రాక్టరుగారు పెట్టారు. ఆయన ఇంతవరకూ ఎవరికీ ఊరికే గోడ కట్టి పెట్టలేదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కానీ మింగేశాను.

ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే మాట అనేదాన్ని. ఎందుకు మారానో చెప్పాలంటే ఒక పెద్దాయన సంగతి, ఆయన కూతురి సంగతి చెప్పాలి. చెబితే నా పరువే పోతుంది. పోనివ్వండి.

సునామీ వచ్చినప్పుడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు టీచర్ని. జంగ్లీఘాట్‌లో మా ఇంటి కింది మెట్ల దాకా నీళ్ళొచ్చి వెళ్ళిపోయాయి. వంటింటి గోడ నిలువునా పగిలింది. అంతకు మించి మాకేమీ కాలేదు. నికోబార్ వైపు నుంచి ఓడల్లోనూ విమానాల్లోనూ తీసుకొచ్చిన జనంతో మా స్కూలు క్యాంపయిపోయింది. బెంచీలన్నీ బయట పెట్టి తరగతి గదుల్లో తుంగచాపలు పరిచారు.

దొరికినవాళ్ళ పేర్లు, ఎవరు ఏ క్యాంపులో ఉన్నారన్నది కాగితాల మీద వచ్చేవి. మెయిన్‌ల్యాండ్ నుంచి రెండు మూడు రోజుల పాత తెలుగు పేపర్లు వచ్చేవి. మా ద్వీపంలో తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడుమంది, చదివేవాళ్ళు తక్కువ. అందుకని నేను ఒక బెంచీ ఎక్కి అన్నీ పైకి చదివేదాన్ని. గొంతు బొంగురుపోతే ఉప్పునీళ్ళు పుక్కిలించి మళ్ళీ చదివేదాన్ని. ఎవరూ నాకు డబ్బివ్వలేదు, ఇస్తారన్న ఊహే రాలేదు. నా జీవితంలో నేను చేసిన మంచిపని ఏదైనా ఉందంటే అదేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే కాస్త పొగరు కూడా చేరింది. డబ్బు తీసుకోకుండా చేసేదే మంచిపని అని నాకు నేనే ఒక శాసనం రాసుకున్నాను.

ఆ పెద్దాయన్ని మొదట అక్కడే చూశాను. అప్పుడాయన మరీ పెద్దవాడేం కాదు, నలభై అయిదు దాటి ఉంటాయి. కార్ నికోబార్‌లో ప్రభుత్వ స్టోర్‌లో గుమస్తా. మా శ్రీకాకుళం వైపు మనిషే. గోడకి ఆనుకుని కూర్చుని, లిస్టు చదవడం అయిపోగానే లేచి వచ్చేవాడు.

"అమ్మా, ఇంకోపాలి చదవండి."

"మీకు చదవడం వచ్చుగా బాబూ, మీరే చూసుకోండి" అని ఒకసారి విసుక్కున్నాను.

"చూశానండి. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. మీ నోటంట వింటాను" అన్నాడు.

మళ్ళీ చదివాను. ఆయన భార్య పేరు ఆ లిస్టులో లేదు. ఏ లిస్టులోనూ రాలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. తొమ్మిదో తరగతి. పోర్ట్ బ్లెయిర్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. ఆ పిల్ల క్యాంపుకి రావడం, తండ్రి ఎదురుగా నిలబడడం నా కళ్ళతో చూశాను. "అమ్మ ఏది? అమ్మ చివర్లో ఏమంది?" అని అడిగింది. "ఏమీ అనలేదమ్మా" అన్నాడు. ఆయన చొక్కా జేబులోంచి స్టోర్ తాళాలు బయటికి కనబడుతున్నాయి. పిల్ల ఆ తాళాల వైపు చూసింది. "అవి మాత్రం తెచ్చుకున్నావు" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల నోట అంత మాట!

తర్వాత ఏళ్ళు గడిచాయి. ఆయనకి పోర్ట్ బ్లెయిర్‌కి బదిలీ అయింది, రిటైరయ్యాడు. కూతురికి పెళ్ళయింది. ఆస్టినాబాద్‌లో కూతురింట్లోనే వెనక గదిలో ఉండేవాడు. కూతురు వేళకి అన్నం పెట్టేది, మందులు కొనిచ్చేది, బట్టలు ఉతికించేది. మాట మాత్రం "తిన్నావా", "మందు వేసుకున్నావా" దగ్గర ఆగిపోయేది. బజార్లో కనబడినప్పుడు ఆయనే ఒకసారి చెప్పాడు, "మా అమ్మాయి నన్ను బాగానే చూస్తాదండి, నా మొకం మాత్రం చూడదు" అని. నవ్వుతూ అన్నాడు.

నేను రిటైరయ్యాక, సముద్రం కింద నుంచి కేబుల్ వచ్చి మా నెట్ కాస్త మనిషయ్యాక, వీడియోలు మొదలుపెట్టాను. ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి కూర్చుంటాను. మా ద్వీపం పిల్లలు హిందీలో చదువుకుంటారు; తెలుగు మాట్లాడడం వస్తుంది, అక్షరాలు రావు. వాళ్ళకి పుస్తకం బాగుందో బాగాలేదో చెబితే ఏం లాభం? అందుకని ముందు ఒక అధ్యాయం పైకి చదువుతాను, తర్వాత నాకు తోచింది చెబుతాను. క్యాంపులో అలవాటైన గొంతే అది. మా ఆడవాళ్ళు వంట చేసుకుంటూ వింటారు. దుకాణాల్లో కూర్చున్నవాళ్ళు వింటారు. మెల్లగా మెయిన్‌ల్యాండ్‌లో పుస్తకాలు వేసేవాళ్ళు కూడా విన్నారు. పార్సిళ్ళు రావడం మొదలైంది. తర్వాత ఒకాయన ఫోన్ చేసి, "మేడం, ఇంత ఇస్తాం, ఫలానా తారీకులోపు పెట్టాలి" అన్నాడు.

మొదట వద్దన్నాను. మా ఆయన గట్టిగా నవ్వాడు. "కళ్ళజోడు మార్చాలని ఆరు నెలల నుంచి అంటున్నావు. వాళ్ళ పుస్తకాలు చదివే కదా ఆ కళ్ళు పోయింది!" అన్నాడు. అదీ నిజమే. సరేనన్నాను. కానీ శాసనం పూర్తిగా వదల్లేదు, సగం ఉంచాను: బయటివాళ్ళ దగ్గర తీసుకుంటాను, ద్వీపం వాళ్ళ దగ్గర పైసా ముట్టను. ఆ మాట వీడియోలో కూడా గొప్పగా చెప్పుకున్నాను. వంద లైకులొచ్చాయి.

డబ్బు తీసుకుంటే పొగడాల్సి వస్తుందని అందరూ అంటారు. నా మటుకు నేను పొగడలేదు. సముద్రం మొహం చూడనివాడు సముద్రం మీద రాసిన ఒక నవలకి డబ్బు తీసుకుని కూడా, "ఈయన ఓడ ఎక్కి ఒకసారి వాంతి చేసుకుని వచ్చి రాస్తే బాగుండేది" అన్నాను. వాళ్ళు ఏమీ అనుకోలేదు, మళ్ళీ పంపారు. కాబట్టి నా పాపం అటువైపు లేదు.

ఆ మరుసటి ఏడాది వానలు ఇంకా మొదలవకముందు ఒక ఉదయం ఆ పెద్దాయన మా మెట్లెక్కి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, ప్రతి నాలుగు మెట్లకీ ఆగుతున్నాడు. గుండె చూపించుకోవడానికి విశాఖపట్నం వెళ్ళి వచ్చాడట. ఆ పనిలో పనిగా అక్కడి ప్రెస్సులో ఒక పుస్తకం అచ్చు వేయించుకుని వచ్చాడు. పల్చటి పుస్తకం, అట్ట మీద బొమ్మ కూడా లేదు.

"ఆ ఆదివారం సంగతి రాశాను టీచరమ్మా. వాళ్ళమ్మ ఎలా పోయిందో మా అమ్మాయికి చెప్పాలి. నోటంట చెబుదామని ఎన్నోసార్లు కూర్చున్నాను, మొదలెట్టగానే గొంతు పట్టేస్తాది. దానికేమో తెలుగు చదవడం రాదు. మీ వీడియో మాత్రం ఒక్కటీ ఒదలదు, వంట చేసుకుంటూ వింటాది. మీరు చదివితే వింటాది. నేనుండగానే వినాలి."

ఇంత స్పష్టంగా చెప్పాడు. నాకు అర్థం కాలేదని ఎవరితోనూ అనలేను.

"తప్పకుండా అన్నయ్యగారూ! మన పుస్తకం కాకపోతే ఇంకెవరిది చేస్తాను?" అన్నాను.

ఆయన చొక్కా జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"ఏంటిది? నా దగ్గరా ఈ వేషాలు? క్యాంపులో మీకు లిస్టులు చదివినప్పుడు డబ్బులు తీసుకున్నానా?"

"అది వేరండి. అది అందరికీ చదివారు. ఇది నా ఒక్కడి పని."

"ఛోడో అన్నయ్యగారూ, లోపల పెట్టండి ముందు."

"ముప్పై ఏళ్ళు స్టోర్‌లో చేశానమ్మా. ఫలానాది కావాలని ఇండెంట్ రాసి సంతకం పెడితేనే సామాను ఎప్పుడొస్తాదని అడగడానికి ఉంటాది. ఊరికే చేయించుకుంటే నేను నోరెత్తి అడగడానికి ఉండదు కదా."

"మీరు అడగాలా ఏంటి? నాకు తెలీదా?" అని కవరు తీసి ఆయన జేబులో నేనే కుక్కాను. ఆయన కిందికి దిగి వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. నేను పైనుంచి, "మెల్లగా అన్నయ్యగారూ" అన్నాను. ఆ పూటంతా నా మంచితనం మీద నాకే ముచ్చటేసింది.

ఆ వారంలోనే చేద్దామనుకున్నాను. ఈలోగా ఓడలో మూడు పార్సిళ్ళొచ్చాయి. మూడింటికీ తారీకులున్నాయి. ఒకాయన రోజూ పొద్దున్నే, "మేడం, ఎంతవరకూ వచ్చింది?" అని ఫోన్ చేసేవాడు. అడిగే హక్కు ఉన్నవాడు అడిగాడు. నేను కళ్ళు లాగేసేదాకా చదివి చేసిపెట్టాను. తర్వాత ఇంకో రెండొచ్చాయి. పెద్దాయన పుస్తకం మనదే కదా, ఎక్కడికి పోతుంది? తీరిగ్గా, బాగా చేయాలి కదా? ఇలా నాకు నేను చెప్పుకున్న కబుర్లు అన్నీ ఇన్నీ కావు.

వానలు పడుతుండగా ఆయన ఒకసారి వచ్చాడు. జామకాయలు తెచ్చాడు. ఓడల టైములు మారాయని చెప్పాడు, ఫీనిక్స్ బే రేవులో టికెట్ల కోసం జనం ఎలా తోసుకుంటున్నారో చెప్పాడు. ఒక్కసారి అలమారు వైపు చూశాడు. ఆయన పుస్తకం అడుగున ఉంది, దాని మీద మెయిన్‌ల్యాండ్ పుస్తకాలు అయిదో ఆరో ఉన్నాయి. నాకే సిగ్గేసి, "వచ్చే వారం తప్పకుండా" అన్నాను.

"తొందరేం లేదు టీచరమ్మా. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా" అని నవ్వాడు. వెంటనే, "సరదాకి అన్నాను, ఏమీ అనుకోకండి" అని నాకే సర్దిచెప్పాడు.

వానలు తగ్గాక రెండోసారి వచ్చాడు. అప్పుడు నేను లోపల రికార్డింగులో ఉన్నాను. డబ్బిచ్చిన వాళ్ళ నవల, ఆ రోజే ఆఖరు తారీకు. మా ఆయన కుర్చీ వేస్తానన్నా వినకుండా, తన దగ్గు ఫోన్‌లో పడుతుందని కింద మెట్ల మీదికి దిగి కూర్చున్నాడట. గంట సేపు. నేను బయటికి వచ్చేసరికి వెళ్ళిపోయాడు. "ఇటుగా వచ్చాను, అంతే అని చెప్పమన్నాడు" అన్నాడు మా ఆయన. తర్వాత నా మొహంలోకి చూసి, "ఆయన పుస్తకం ఒక పూట పని కూడా కాదే" అన్నాడు. "నాకు తెలుసులే" అని కసిరాను. తప్పు నాదని తెలిసినప్పుడే నేను ఎక్కువ కసురుతాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయన్ని అడగనివ్వకుండా చేసింది నేనే.

డిసెంబరులో ఒక ఉదయం గ్రూపులో వార్త వచ్చింది. ముందురోజు సాయంత్రం పోయాడు. ఆటోలో ఆస్టినాబాద్ వెళ్ళాను. ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. కూతురు పక్కన కూర్చుని ఉంది, ఏడవడం లేదు. నన్ను చూసి లేచి, "ఆంటీ, మీరొచ్చారా! నాన్న మీ గురించి ఎప్పుడూ చెప్పేవారు" అని కుర్చీ వేసింది. ఆ కుర్చీలో ఎలా కూర్చున్నానో నాకు తెలీదు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి ఆ పుస్తకం మొదటిసారి తెరిచాను. ఎనిమిది నెలల తర్వాత. చదవడం పూర్తవడానికి గంటన్నర కూడా పట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే భూమి కదిలాక అందరూ క్వార్టర్ల బయటికి వచ్చారట. స్టోర్‌లో కిరసనాయిలు డ్రమ్ములు పడిపోయాయనీ, ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే మొత్తం అంటుకుంటుందనీ ఈయన భయపడ్డాడు. స్టోర్ ఈయన చార్జిలో ఉంది. భార్యని గుమ్మం ముందు మెట్టు మీద కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు, కదలకు, ఇప్పుడే వస్తాను" అని తాళాలు పట్టుకుని పరుగెత్తాడు. తాళం తీస్తుండగా వెనక జనం కేకలు వేశారు. నీళ్ళు ఈయన్ని ఈడ్చుకెళ్ళి కొబ్బరి చెట్టుకి కొట్టాయి. తర్వాత అయిదు రోజులు వెతికాడు. రెండుసార్లు విమానం దగ్గరికి తీసుకెళ్తే రెండుసార్లూ వెనక్కి పారిపోయి వచ్చాడు. మూడోసారి ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. "నేను చెప్పిన మాట ఆమె ఏనాడూ జవదాటలేదు. ఆ రోజూ దాటి ఉండదు. నేను కదలకు అన్నాను" అని రాశాడు.

దాని ముందు పేజీలో ఇంకొకటి ఉంది. ఈయన బయలుదేరుతుంటే ఆమె వెనక నుంచి అందట: "సెలవులకి రావడానికి పిల్లకి ఓడ టికెట్టు దొరక్కపోవడమే మంచిదయింది. వచ్చుంటే ఇప్పుడు భయపడి చచ్చేది. అక్కడ హాయిగా ఉంది, అది చాలు."

ఆ పుస్తకం మూసి వెక్కివెక్కి ఏడ్చాను. మా ఆయన మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

పన్నెండో రోజు అయ్యాక రికార్డు చేసి వీడియో పెట్టాను. ఒక్క అధ్యాయం కాదు, మొత్తం పుస్తకం చదివాను. మధ్యలో రెండుసార్లు మాట తడబడింది, అలాగే ఉంచేశాను. చివర నా అభిప్రాయమంటూ ఏమీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం కూతురు వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆంటీ, అమ్మ మాట ఉన్న పేజీ ఏక్ బార్ ఫిర్ సే చదవండి" అంది. చదివాను. ఇంకోసారి అంది. ఇంకోసారి చదివాను. అప్పుడు నేల మీద కూలబడింది.

"టికెట్ దొరకలేదని ఫోన్‌లో ఝూట్ చెప్పాను ఆంటీ. నేను లైన్‌లోకే వెళ్ళలేదు. ఫ్రెండ్స్‌తో ఉండాలని. నేను రాలేదని అమ్మ గుస్సా మీద పోయిందనుకున్నా, ఇన్నేళ్ళూ. నాన్నని అడిగితే ఏమీ అనలేదు అన్నారు. అమ్మ తిట్టింది, అది దాస్తున్నారనుకున్నా. అందుకే నాన్న మీద…" అని ఆగిపోయింది.

నేను పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. చాలాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుంది.

"మీ వీడియో పెట్టగానే నాన్న కిచెన్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవారు. మీరు పుస్తకం పేరు చెప్పేదాకా వినేవారు. బస్, మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయేవారు. ప్రతిసారీ అంతే. ఏంటి నాన్నా నీ గోల అని చిరాకు పడేదాన్ని." నా వైపు చూసింది. "ఈ పుస్తకం మీకు కబ్ ఇచ్చారు ఆంటీ?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పోయినవాడు వచ్చి కాదనడు కదా. కానీ ఆ పిల్ల ఒక అబద్ధాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు ఎలా బతికిందో ఇప్పుడే విన్నాను.

"ఏప్రిల్‌లో" అన్నాను.

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. "మరి ఇన్నాళ్ళూ…?"

"డబ్బిచ్చినవాళ్ళవి ముందు చేశానమ్మా. వాళ్ళకి తారీకులుంటాయి."

"నాన్న ఇవ్వలేదా?"

"ఇచ్చారు. నేనే వద్దన్నాను."

ఆ పిల్ల నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఈపాటికి నేను కొంచెం మరిచిపోయి ఉండేదాన్ని. పుస్తకం నా ఒళ్ళోంచి తీసుకుని, చదవలేని ఆ అట్ట మీద తండ్రి పేరు ఎక్కడుందో వేలితో వెతుక్కుంటూ, చిన్నగా అంది:

"తీసుకోవాల్సింది ఆంటీ."